నాయనమ్మ గొంతు ఎటు పోయింది? పాత టూ ఇన్ వన్‌ని టైప్-సి ఐప్యాడ్‌కి కలిపి చూశాను

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను. నా చేతిలో ఉన్న ఈ టైప్-సి అడాప్టర్ నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఇలా చెప్పు అలా చెప్పు అనీ అనలేదు. ఒక పక్క హెడ్‌ఫోన్ జాక్, పక్కనే ఛార్జింగ్ పోర్టు. ఎన్ని బిట్లు, ఎన్ని కిలోహెర్ట్జ్ అన్న లెక్కలు మీరు ఈపాటికే నాలుగు వీడియోల్లో చూసేసి ఉంటారు, వాటి జోలికి వెళ్లను. నన్ను ఆకట్టుకున్నది డబ్బా మీద మైక్ బొమ్మ, దాని కింద రికార్డింగ్ అన్న ఒక్క మాట. అది చూసి చాలా ఆశ పెట్టుకున్నాను.

ఎందుకో చెప్తాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 1988 సంక్రాంతికి మా బాబాయి ఇదిగో, ఈ టూ ఇన్ వన్, అంటే రేడియో, టేప్ రికార్డర్ కలిసున్న పెట్టె, కొని తెచ్చాడు. ముందు భాగంలో ఈ రెండు చిన్న చిల్లులు చూడండి, ఎడమవైపు ఒక మైకు, కుడివైపు ఒక మైకు. ఆ పండగ సాయంత్రం వసారాలో దీన్ని మధ్యలో పెట్టి, ఎడమ పక్కన తాతయ్య హార్మోనియంతో కూర్చున్నారట. కుడి పక్కన నాయనమ్మ. ఆవిడ మంగళహారతులు పాడుతుంటే ఈయన వాయించారు. మొత్తం మూడు క్యాసెట్లు. ఇప్పుడు ఇద్దరూ లేరు. నాయనమ్మ గొంతు ఈ మూడు క్యాసెట్లలో తప్ప ఇంకెక్కడా లేదు. వాటిని ఐప్యాడ్‌లోకి ఎక్కించాలన్నదే నా ఆశ.

నా దగ్గరున్నది 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్. యాపిల్ 2018లో ఐప్యాడ్ ప్రోకి టైప్-సి పెట్టి హెడ్‌ఫోన్ జాక్ తీసేసింది. మామూలు ఐప్యాడ్‌కి ఆ మార్పు ఈ పదో తరంతో వచ్చింది. కాబట్టి అడాప్టర్ లేకుండా పని జరగదు.

ఇంతకుముందు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు చవగ్గా వస్తోందని ఒక అడాప్టర్ కొన్నాను. ఐప్యాడ్‌కి పెడితే చప్పుడే లేదు. పాడైందేమో అనుకున్నాను గానీ, అసలు సంగతి వేరు. అందులో వట్టి వైర్లే ఉన్నాయి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు టైప్-సి పోర్టులోంచి నేరుగా అనలాగ్ సౌండ్ పంపిస్తాయి, వాటికి ఆ వైర్లు చాలు. ఐప్యాడ్ అలా పంపదు. డిజిటల్‌ని సౌండ్‌గా మార్చే డాక్ (DAC) చిప్ అడాప్టర్‌లోనే ఉండాలి. మీరు కొనేటప్పుడు డాక్ ఉందా అని ఒక్క ప్రశ్న అడగండి, చాలు.

కంపెనీ పంపిన దీంట్లో డాక్ ఉంది. పాటలు వినడానికి బాగుంది, శుభ్రంగా వినిపిస్తోంది. సరే, అసలు పనికి వద్దాం. టూ ఇన్ వన్ హెడ్‌ఫోన్ జాక్‌లోంచి ఒక స్టీరియో వైరు తీసి, మైకుకీ హెడ్‌ఫోన్‌కీ విడివిడిగా జాక్‌లు ఇచ్చే స్ప్లిటర్ ద్వారా దీనికి కలిపాను. క్యాసెట్ పెట్టి, రికార్డ్ నొక్కి, అరగంట కూర్చున్నాను. తర్వాత నాన్నని పిలిచి హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. హార్మోనియం మొదలవగానే ఆయన మొహం వెలిగిపోయింది. కాసేపు విని, హెడ్‌ఫోన్స్ మీద చెయ్యి పెట్టుకుని, "ఒరేయ్, అమ్మ ఏదిరా?" అన్నారు.

నిజమే. నాయనమ్మ ఎక్కడో గోడ అవతల పాడుతున్నట్టుంది. క్యాసెట్ చెడిపోయిందని చాలా టెన్షన్ పడ్డాను. టూ ఇన్ వన్‌లోనే పెట్టి వింటే గొంతు దగ్గరగానే వినిపిస్తోంది!

అడాప్టర్‌లో గుచ్చే ఈ స్ప్లిటర్ పిన్ను దగ్గరగా చూపిస్తాను. మూడు నల్ల గీతలున్నాయి కదా, అంటే నాలుగు భాగాలు. కొసన ఉన్నది ఎడమ స్పీకరు, తర్వాతది కుడి, మూడోది గ్రౌండ్, నాలుగోది మైకు. మైకుకి ఉన్నది ఒక్కటే దారి! స్టీరియో వైరు తెచ్చి ఆ మైకు జాక్‌లో గుచ్చితే లోపలికి వెళ్లింది ఎడమ ఛానెల్ మాత్రమే. తాతయ్య లోపలికి వెళ్లారు, నాయనమ్మ బయటే ఉండిపోయింది. ఎడమ మైకులో కాస్త పడ్డ ఆవిడ గొంతే మాకు దూరంగా వినిపించింది. పైగా మైకు ఇన్‌పుట్ కొద్ది మిల్లీవోల్టుల కోసం చేసింది. టేప్ రికార్డర్ అంతకు ఎన్నో రెట్లు పంపిస్తుంది. అందుకే హార్మోనియం గట్టిగా పలికిన చోటల్లా సౌండ్ పగిలిపోయింది.

నాకు కోపం వచ్చింది అక్కడే. రికార్డింగ్ అని అంత పెద్ద అక్షరాలతో వేసినవాళ్లు, పక్కన మోనో మైకు మాత్రమే అని ఒక్క ముక్క వెయ్యలేరా? ఫోన్లో మాట్లాడేవాళ్లకి అది చాలు, కాదనను. కానీ ఇలాంటి క్యాసెట్లు ఎన్ని ఇళ్లలో ఉన్నాయి! ఒకసారి ఎక్కించేశాం కదా అని ఆ క్యాసెట్‌ని పారేసినవాళ్ల సంగతేంటి?

తర్వాత నేను సొంత డబ్బుతో కొన్నది ఈ ఎర్ర డబ్బా, బెరింగర్ యూసీఏ222. ఇది ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే బయటి సౌండ్‌ని డిజిటల్‌గా మార్చి ఐప్యాడ్‌లోకి పంపేది. కొత్తదేం కాదు, చాలా ఏళ్లుగా దొరుకుతోంది. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్. ఆ అంకెలు చూసి చిన్నచూపు చూడొద్దు, క్యాసెట్‌కి అది ఎక్కువే. దీంట్లో ఎడమకి ఒకటి, కుడికి ఒకటి ఆర్‌సీఏ ఇన్‌పుట్లు (పాత టీవీల వెనక ఉండే గుండ్రటి జాక్‌లు) ఉన్నాయి, నాకు కావలసింది అదే. డ్రైవర్లు అక్కర్లేదు, కరెంటు కూడా ఐప్యాడ్ నుంచే తీసుకుంటుంది. దీని వైరు పాత యూఎస్‌బీ కాబట్టి చివర టైప్-సి ఓటీజీ ముక్క ఒకటి తగిలించాలి.

ఒక్క లోటు, ఇన్‌పుట్ తగ్గించడానికి నాబ్ లేదు. టూ ఇన్ వన్ వాల్యూమే కొంచెం కొంచెం పెంచుకుంటూ, ఐప్యాడ్‌లో మీటర్ ఎరుపులోకి వెళ్లకుండా చూసుకోవాలి. ఇంకోటి, ఇది పెట్టగానే ఐప్యాడ్ స్పీకర్ మూగబోతుంది. కంగారు పడకండి, సౌండ్ ఈ డబ్బాలోకి వెళ్తుంది, దీని హెడ్‌ఫోన్ జాక్‌లో వినొచ్చు. గ్రామఫోన్ రికార్డులు ఉన్నవాళ్లు మాత్రం ఇది కొనకండి. వాటి నుంచి వచ్చే సన్నటి సౌండ్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్ కావాలి, ఇదే కంపెనీ యూఎఫ్‌ఓ202లో అది ఉంది.

యాపిల్ రికార్డింగ్ యాప్ గ్యారేజ్‌బ్యాండ్‌లో రికార్డ్ చేస్తే ముందు మెట్రోనోమ్, అంటే టిక్ టిక్‌మనే తాళం, ఆపండి. సెక్షన్, అంటే రికార్డ్ అయ్యే నిడివి, మొదట్లో ఎనిమిది బార్లే (తాళం ఆవర్తాలే) ఉంటుంది, పదిహేను ఇరవై సెకన్లకే అయిపోతుంది. దాన్ని ఆటోమేటిక్‌లో పెట్టాలి. నాకు తెలియక మొదటి హారతి రెండుసార్లు పాడైంది.

తర్వాత బుయ్యిమని ఒక మోత. మన కరెంటు 50 హెర్ట్జ్ మోత అది. ఐప్యాడ్ ఛార్జర్ తీసేస్తే సగం తగ్గింది. టూ ఇన్ వన్‌లో పెద్ద సెల్లులు వేసి, ప్లగ్గు పీకేశాక పూర్తిగా పోయింది. అంటే కంపెనీ గొప్పగా చెప్పిన ఛార్జింగ్ పోర్టు ఈ పనికి అవసరమే పడలేదు.

ఇక చివరి పని, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. క్యాసెట్ మూత తెరిస్తే, టేపుని చదివే హెడ్ పక్కన దాని వంపుని సరిచేసే ఈ చిన్న స్క్రూ కనిపిస్తుంది. ముందు హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచాను, దూది గోధుమరంగుకి తిరిగింది. తర్వాత క్యాసెట్ ఆడుతుండగానే, గడియారాలు బాగుచేసే స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పాను. అప్పటిదాకా దుప్పటి కప్పినట్టున్న గొంతు ఒక్కసారిగా తేటపడింది. గాజుల చప్పుడు వినిపించింది. హారతి పళ్లెం తిప్పుతున్న గాజులు! ఎక్కువ తిప్పితే పాడవుతుంది, మొదట్లో ఎలా ఉందో ఫోటో తీసుకుని మరీ తిప్పండి.

నా తీర్పు ఇదీ. కంపెనీ పంపిన అడాప్టర్ పాటలు వినడానికైతే కొనండి. క్యాసెట్లు ఎక్కించడానికి మాత్రం వద్దు, ఉచితంగా ఇచ్చినా వద్దు. ఈ మాట వాళ్లకీ రాసి పంపాను. ఎర్ర డబ్బా కొనండి, లేదా రెండు లైన్ ఇన్‌పుట్లున్న (మైకు ఇన్‌పుట్లు కాదు) ఏ ఇంటర్‌ఫేస్ అయినా సరే. ఎక్కించాక క్యాసెట్లు పారేయకండి.

ఒక హారతి వినిపిస్తాను. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, తిరగేసి పెట్టుకోకండి. ఎడమ చెవిలో తాతయ్య, కుడి చెవిలో నాయనమ్మ. ప్లే చేస్తున్నాను.