బ్రకోలీ: మేలు మొదలయ్యేది కత్తి పెట్టాకే

అందరికీ నమస్కారం.

బ్రకోలీ అనగానే ముందు విటమిన్ల లెక్క చెబుతారు. 100 గ్రాముల పచ్చి బ్రకోలీలో విటమిన్ సి సుమారు 89 మిల్లీగ్రాములు, విటమిన్ కె 100 మైక్రోగ్రాముల పైచిలుకు, పీచు రెండున్నర గ్రాములు ఉంటాయి. కేలరీలు 34 మాత్రమే. మంచి కూరగాయే. కానీ పరిశోధకులు ఇన్నేళ్లుగా దీని మీద పనిచేస్తున్నది ముఖ్యంగా సల్ఫొరఫేన్ అనే గంధక పదార్థం కోసం.

కోయని బ్రకోలీలో ఈ సల్ఫొరఫేన్ దాదాపు ఉండదు. ఉండేది దాని ముడిసరుకు గ్లూకోరఫానిన్. దాన్ని మార్చే మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరే కణాల్లో ఉంటుంది. కోసినప్పుడో నమిలినప్పుడో కణాలు చితికి రెండూ కలుస్తాయి, సల్ఫొరఫేన్ పుడుతుంది. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలాలే బృందం దీన్ని బ్రకోలీ నుంచి వేరుచేసింది. మన కణాల్లో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్‌ను కీప్1 అనే మరో ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. సల్ఫొరఫేన్ ఆ పట్టు సడలిస్తుంది. దాంతో విషపదార్థాలను విరిచి బయటకు పంపే ఎంజైములు పెరుగుతాయి.

ఇక వంట దగ్గరే చాలావరకు పాడుచేసుకుంటాం. నీళ్లలో మరిగిస్తే నష్టం రెండు విధాలు: వేడికి మైరోసినేజ్ చచ్చిపోతుంది, గ్లూకోరఫానిన్, విటమిన్ సి నీళ్లలోకి దిగి, వార్చినప్పుడు ఆ నీళ్లతోపాటే పోతాయి. అందుకే పువ్వును చిన్న ముక్కలుగా కోసి అరగంట నుంచి 40 నిమిషాలు అలాగే ఉంచండి, ఆలోగా సల్ఫొరఫేన్ తయారవుతుంది, ఆ తర్వాత 3, 4 నిమిషాలు ఆవిరి పట్టండి. ముక్క నిగనిగలాడే ఆకుపచ్చగా ఉండగానే దించేయాలి. ముదురు ఆలివ్ రంగుకు తిరిగిందంటే ఆలస్యమైనట్టే. కాడ పారేయకండి, పై తొక్క చెక్కేస్తే లోపలిది లేతగా ఉంటుంది.

ఫ్రీజర్ ప్యాకెట్లలోని బ్రకోలీని ముందే వేడినీళ్లలో ముంచి తీస్తారు కాబట్టి అందులో ఎంజైమ్ చాలావరకు మిగలదు. దీనికి మందు ఆవపొడి. ఆవాల మైరోసినేజ్ వేడికి మరింత తట్టుకుంటుంది. ఉడికిన 200 గ్రాముల బ్రకోలీకి ఒక గ్రాము ఆవపొడి కలిపి పెట్టిన ఒక ప్రయోగంలో సల్ఫొరఫేన్ నాలుగు రెట్లకు పైగా ఒంటపట్టింది. పొడిని దించాకే చల్లాలి, పోపులో వేస్తే ఫలితం ఉండదు.

మూడు రోజుల మొలకల్లో గ్లూకోరఫానిన్ ముదురు పువ్వులోకంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువని 1997లో అదే బృందం ప్రకటించింది. బ్రకోలీ మొలకల పొడులు, క్యాప్సూళ్ల వ్యాపారానికి బాట వేసింది ఇదే. చైనాలోని చిడాంగ్‌లో 12 వారాలు మొలకల పానీయం తాగినవారి మూత్రంలో, గాలి కాలుష్యం నుంచి వచ్చే బెంజీన్ వ్యర్థాలు 61 శాతం ఎక్కువగా బయటకు పోయాయి. ఆశ కలిగించే ఫలితమే, కానీ దీన్ని క్యాన్సర్‌కు చికిత్స అనుకోవడం తప్పు. మొలకలు పెరిగే తడి, వెచ్చదనంలోనే సాల్మొనెల్లా, ఈ. కోలై లాంటి జబ్బు చేసే బాక్టీరియా కూడా పెరుగుతాయి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి మొలకల జోలికి పోకూడదు.

బ్రకోలీ క్యాప్సూల్ కొనేవారు లేబుల్ మీద గ్లూకోరఫానిన్ ఎంతో చూసి ఊరుకోకండి, మైరోసినేజ్ ఉందో లేదో చూడండి. లేకపోతే మార్చే భారమంతా పేగుల్లోని బాక్టీరియా మీద పడుతుంది. అది తక్కువగా, మనిషి మనిషికీ తేడాగా జరుగుతుంది.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు బ్రకోలీ మానక్కర్లేదు. ఒక వారం బాగా తిని మరో వారం మానేస్తే మాత్రం విటమిన్ కె తేడాకు మందు పనితీరు తప్పుతుంది. ఎంత తిన్నా వారం వారం ఒకేలా తినండి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.