పెద్దనాన్నకు నొప్పొస్తే నెల్లూరు... పెద్దమ్మకు నొప్పొస్తే సోడా!

గ్యాస్ కాదు, గుండె.

ఈ రెండు ముక్కలు చెప్పడానికే ఈ వీడియో. మధ్యలో ఆపేసి వెళ్లిపోయేవాళ్లు ఈ రెండు ముక్కలైనా పట్టుకెళ్లండి. గ్యాస్ కాదు, గుండె.

పోయిన వీడియోలో ఒక మాట అన్నాను. మన పల్లెల్లో ఆడమనిషికి గుండెపోటు వస్తే ఇంట్లో ఇచ్చే మొదటి మందు సోడా అని. వారం రోజులుగా దాని మీద ఒకటే గొడవ. "ఆడవాళ్లే ఎక్కువ కాలం బతుకుతున్నారు, లెక్కలు చూసి మాట్లాడు" అంటున్నారు. టీ కొట్టు దగ్గర కూడా పట్టుకుని అడిగారు.

సరే, లెక్కలు చూశాను. 2016-20 శాంపిల్ రిజిస్ట్రేషన్ లెక్కల్లో, అంటే సర్కారు తీసే జనన మరణాల లెక్కల్లో, మన దేశంలో మగవాళ్ల ఆయుర్దాయం 68.6 ఏళ్లు, ఆడవాళ్లది 71.4. దగ్గరదగ్గర మూడేళ్లు ఎక్కువ. ఒప్పుకుంటున్నా. మందు, సిగరెట్, హైవే మీద బైకు, ఇవి మగవాళ్లనే ఎక్కువ తీసుకుపోతున్నాయి. అందులో నాకేం పేచీ లేదు.

కానీ బతికి ఉండటం, బాగుండటం ఒకటేనా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీయండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. అదే వయసు మగవాళ్లలో 25 శాతం. ఆ 71 ఏళ్లలో ఎన్నేళ్లు ఆయాసపడుతూ, ఎన్నేళ్లు నడుం పట్టుకుని ఈడ్చిందో ఎవరైనా అడిగారా? మూడేళ్లు ఎక్కువ బతికింది కాబట్టి నోరు మూసుకోమంటే ఎలా?

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తా. చెప్పడం కష్టంగానే ఉంది, అయినా చెప్తా.

మా పెద్దనాన్న వాళ్లది విడవలూరు వైపు ఒక పల్లె. వరి, కాస్త రొయ్యల గుంట. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి పెద్దనాన్నకు రొమ్ములో పట్టేసినట్టయింది. "అబ్బా" అన్నాడు, అంతే. పది నిమిషాల్లో పక్కింటి కారు వాకిట్లో ఉంది. ముగ్గురం ఆయన్ని ఎక్కించుకుని బయల్దేరాం. కాసేపటికల్లా నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రిలో ఉన్నాం. ఈసీజీ, ఎకో, రక్తపరీక్ష, రాత్రంతా మానిటర్. తెల్లారి డాక్టరు చెప్పిందేంటి? గ్యాస్. ఇంటికి తీసుకెళ్లండి.

మంచిదే. మేం చేసింది తప్పు కాదు. అలాగే చేయాలి.

ఆ తర్వాత సంక్రాంతికి ముందు పెద్దమ్మకు వచ్చింది. అప్పటికి ఆమెకు 54 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. ఒళ్లంతా చెమట్లు పోశాయి. దవడ లాగుతోందంది, వీపు మధ్యలో బరువుగా ఉందంది, పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకొచ్చింది. ఇంట్లో ఆరుగురం ఉన్నాం. నేనూ ఉన్నా. నిమ్మకాయ పిండి సోడా కలిపి ఇచ్చింది నేనే. "ఏం లేదు నాయనా, గ్యాస్ పట్టినట్టుండాది, మీరు తినండి" అంది. మేం కూర్చుని తిన్నాం. ఆమే వడ్డించింది.

మర్నాడు ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ ఇంజెక్షన్ వేశాడు. మూడో రోజు నాలుగు మెట్లు ఎక్కేసరికి ఊపిరి అందక కూలబడిపోయింది. అప్పుడు తీశాం కారు. ఈసీజీ చూసిన డాక్టరు మా మొహాల వంక చూసి, "ఈ మూడు రోజులూ ఏం చేస్తున్నారు?" అన్నాడు. గుండె కండరం కొంత చచ్చిపోయింది. పంపింగ్ 35 శాతం. మామూలుగా అయితే 55 పైన ఉండాలి.

అదే ఇల్లు, అదే కారు, అదే నెల్లూరు రోడ్డు. ఆయనకు వచ్చిన గ్యాస్ రాత్రికి రాత్రే ఆసుపత్రికి చేరింది. ఆమెకు వచ్చిన గుండెపోటు మూడు రోజులు వంటింట్లోనే ఉంది.

తర్వాత అడిగాను, "ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అని. "కూర దించి చెబుదామనుకున్నా" అంది.

అక్కడే నాకు విషయం అర్థమైంది. డాక్టర్లు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా నేను గట్టిగా నమ్ముతున్న మాట ఇది. మన ఇళ్లలో ఆడమనిషి ఆరోగ్యానికి కొలత పొయ్యి. పొయ్యి వెలిగి ఉన్నంతసేపు ఆమె బాగున్నట్టే లెక్క. జ్వరమా? వండింది కదా, మరేం పెద్ద జ్వరం కాదు. ఆయాసమా? బట్టలు ఉతికింది కదా. మగవాడి జబ్బు ఆయన నోరు తెరిచినప్పుడు మొదలవుతుంది. ఆడదాని జబ్బు పొయ్యి ఆరినప్పుడు మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య పోయే గంటలు ఉన్నాయే, వాటిలోనే గుండె పోతోంది.

ఇది ఉత్తి మాట కాదు. గుండెపోటంటే గుండెకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడటం. అది అడ్డుపడిన అరగంట నుంచే కండరం చావడం మొదలవుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి రెండు మూడు గంటల్లో పడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పన్నెండు గంటలు దాటాక దానివల్ల పెద్దగా లాభం లేదు. మా పెద్దమ్మ వడ్డన ముగించి, గిన్నెలు తోమి, పడుకుని లేచేసరికే ఆ పన్నెండు గంటలు అయిపోయాయి.

"మీ ఒక్క ఇంటి గోల తెచ్చి ఊరందరికీ అంటగడతావేంది?" అంటారు. అయితే ఢిల్లీ ఎయిమ్స్ లెక్క వినండి. 2016లో అక్కడి ఓపీకి వచ్చిన దాదాపు 23 లక్షల 77 వేల మంది వివరాలు తీసి చూశారు. ఒక్కో ఆడమనిషికి 1.69 మంది మగవాళ్లు వచ్చారు. జనాభా లెక్కన రావాల్సిన ఆడవాళ్లలో నాలుగు లక్షల మందికి పైగా అసలు రానే లేదని తేల్చారు. ఇంకో సంగతి. ఢిల్లీకి ఊరు ఎంత దూరమైతే ఆడవాళ్లు అంత తక్కువ. అంటే జబ్బు రాలేదనా? బస్సెక్కించేవాళ్లు లేరని! ఉదయగిరి నుంచి నెల్లూరు, కనిగిరి నుంచి ఒంగోలు ఎంత దూరమో మీకు నేను చెప్పాలా?

ఆసుపత్రి గడప దాటాక కూడా గొడవ తీరదు. బ్రిటన్‌లో లీడ్స్ యూనివర్సిటీవాళ్లు దాదాపు ఆరు లక్షల మంది గుండెపోటు కేసులు తిరగేసి 2016లో చెప్పారు. మొదట్లోనే జబ్బును తప్పుగా గుర్తించే అవకాశం మగవాళ్లకంటే ఆడవాళ్లలో 50 శాతం ఎక్కువట. అక్కడ సోడా లేదు, ఆర్‌ఎంపీ లేడు. అయినా అదే కథ.

ఇక్కడ కొందరు తెలివిగా ఒక మాట అంటారు. "ఆడవాళ్ల లక్షణాలు వేరుగా ఉంటాయి, అందుకే కనిపెట్టడం కష్టం" అని. సగమే నిజం. దవడ నొప్పి, వీపు నొప్పి, వాంతి, ఆయాసం, విపరీతమైన నీరసం ఆడవాళ్లలో ఎక్కువ కనిపిస్తాయి, ఒప్పుకుంటా. కానీ ఆడవాళ్లలో కూడా ఎక్కువ మందికి వచ్చేది ఛాతీనొప్పే! అది వచ్చినా గ్యాసే అంటున్నాం కదా? నాట్లేసి వచ్చిన మనిషి వీపు నొప్పంటే "నాట్లేస్తే వీపు నొప్పి రాక ఏమొస్తది" అంటాం. రొయ్యల ప్లాంటులో రోజంతా చల్లటి నీళ్లలో నిలబడి వచ్చిన పిల్ల చెయ్యి లాగుతోందంటే "పనిలో ఉండేదే" అంటాం. ఆమె పడే ప్రతి కష్టమూ ఆమె జబ్బును దాచడానికే పనికొస్తోంది. జనాభాలో సగం మందికి వచ్చే లక్షణాలకు "అసాధారణం" అని పేరు పెట్టారే, అది ఎవరిని చూసి రాసుకున్న సాధారణం?

మగవాళ్లను చూసి. అమెరికాలో 1980లలో గుండెపోటు రాకుండా ఆస్పిరిన్ ఆపుతుందా అని పెద్ద పరీక్ష చేశారు. 22,071 మంది డాక్టర్లు పాల్గొన్నారు. ఒక్క ఆడమనిషి లేదు. ఫలితం బాగా వచ్చింది, ప్రపంచమంతా ఆ మాటే పట్టుకుంది. తర్వాత దాదాపు 40 వేల మంది ఆడవాళ్ల మీద విడిగా చేసిన పరీక్ష ఫలితం 2005లో వచ్చింది. మొత్తం మీద చూస్తే ఆడవాళ్లలో మొదటి గుండెపోటును ఆస్పిరిన్ ఆపలేకపోయింది, పక్షవాతాన్ని మాత్రం తగ్గించింది. ఒళ్లు వేరు, ఫలితం వేరు. నిద్రమాత్ర జోల్పిడెమ్ డోసు ఆడవాళ్లకు సగం చాలని అమెరికా ఔషధ సంస్థ చెప్పింది ఎప్పుడో తెలుసా? 2013లో! అమ్మకానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటాక.

షుగర్ ఉన్న అమ్మలు ఈ ముక్క జాగ్రత్తగా వినండి. షుగర్ వస్తే గుండె జబ్బు ముప్పు ఎవరికైనా పెరుగుతుంది. కానీ ఆ పెరుగుదల మగవాళ్లకంటే ఆడవాళ్లలో 44 శాతం ఎక్కువ. ఎనిమిదిన్నర లక్షల మంది వివరాలు కలిపి చూసి 2014లో తేల్చారు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి మూర్ఛల దాకా వెళ్లినవాళ్లు, అప్పుడు షుగర్ వచ్చి తర్వాత తగ్గినవాళ్లు కూడా మిగతావాళ్లకంటే ఎక్కువ ముప్పులో ఉన్నట్టే. పాతికేళ్ల కిందటి పురుటి సంగతి ఏ గుండె డాక్టరు అడుగుతాడు? అడగకపోతే మీరే చెప్పండి.

నాకు కడుపు మండేది ఎక్కడో చెప్పనా? మనది దూబగుంట ఉన్న జిల్లా. 1990ల మొదట్లో చదువు నేర్చుకోవడానికి రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన ఊరు అది. ఆ పోరాటంలో ముందు నిలబడ్డ రోశమ్మ పేరు తెలియని నెల్లూరోళ్లు ఉన్నారా? ఆ నిప్పు ఊరూరా అంటుకుని 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెప్పించింది. తర్వాత 1997లో ఎత్తేశారనుకోండి, అది వేరే బాధ. నేను అడిగేది ఒకటే. ఆ ఆడవాళ్లు రోడ్డెక్కింది తమ మొగుళ్ల లివర్ల కోసం కూడా కదా? కూలి డబ్బుల కోసం, పిలకాయల అన్నం కోసం, తమ ఒంటి మీద దెబ్బలు ఆగడం కోసం, మగవాడు చావకుండా ఉండటం కోసం. మగవాళ్ల ప్రాణం కోసం ఆడవాళ్లు ఊళ్లకు ఊళ్లు కదిలిన జిల్లాలో, ఆడవాళ్ల గుండె కోసం మనం కారు తాళం తీయలేమా?

తీయాలి. ఎలాగో చెప్తా. ఇంట్లో నలభై దాటిన ఆడమనిషికి, అందులోనూ షుగరో బీపీయో ఉన్న మనిషికి, చెమట్లు పోసి ఛాతీలోగానీ దవడలోగానీ వీపులోగానీ చేతిలోగానీ కొత్తగా నొప్పి వచ్చిందా, కారణం లేకుండా ఆయాసం వచ్చిందా, స్టవ్ కట్టేయండి. ఆమె వద్దంటుంది. వింటే పాపం మీదే. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే "గ్యాస్ అనుకుంటున్నాం" అని మీరే చెప్పొద్దు, ఆ మాటతో కేసు పక్కకు పోతుంది. "గుండెపోటేమో అని భయంగా ఉంది, ఈసీజీ తీయండి" అనండి. పది నిమిషాల్లో తీయాలన్నది నియమం. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమనండి, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష అడగండి. సిగ్గుపడొద్దు. పెద్దనాన్న రోజున మేం సిగ్గుపడలేదు.

చివరికి అది గ్యాసే అయితే? అవ్వనీండి! పెద్దనాన్నది గ్యాస్ అని తేలినప్పుడు డబ్బు దండగైందని ఎవరైనా అన్నామా? దేవుడికి కొబ్బరికాయ కొట్టాం.

ఇంకొక్క విషయం. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన ఆడవాళ్లు ఆసుపత్రికి బొత్తిగా వెళ్లరా? ఒకదానికి బాగా వెళ్తారు. గర్భసంచి తీయించుకోవడానికి. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 3.2 శాతం మందికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో మనమే మొదటి స్థానం. గుండెకు సోడా, గర్భసంచికి ఆపరేషన్! పైగా నలభై అయిదు లోపు అండాశయాలు కూడా తీసేస్తే గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది, ఎముకలు పెళుసవుతాయి. ఈ రెండు కథలూ ఎక్కడ కలుస్తున్నాయో చూశారా?

వచ్చే వీడియో పూర్తిగా దాని మీదే. ఈలోపు ఒక పని చేయండి. మీ అమ్మకో, అత్తకో ఆ ఆపరేషన్ అయి ఉంటే బీరువాలో డిశ్చార్జి కాగితాలు వెతకండి. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అన్నది అందులో రాసి ఉంటుంది. చాలామందికి తమ కడుపులోంచి ఏం తీశారో కూడా తెలియదు. ఆ కాగితం దగ్గర పెట్టుకుని రండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.