హస్తవాసిని కొలిచేశారండీ! రోబో సంగతి తర్వాత, ముందు చెయ్యి చూడండి

పదమూడు మంది సర్జన్లు. ఊరు ఒకటే, ఆసుపత్రి ఒకటే, జబ్బు ఒకటే: పెద్దపేగు, మలాశయం క్యాన్సర్. "కణితి మొత్తం తీసేశాం, కంటికి కనిపించేది ఏమీ మిగల్లేదు" అనుకున్న రోగులనే లెక్కలోకి తీసుకున్నారు. పదేళ్ల తర్వాత ఎంతమంది బతికున్నారో చూశారు. ఒక సర్జన్ దగ్గర నూటికి 63 మంది. ఇంకో సర్జన్ దగ్గర నూటికి 20 మంది.

మళ్లీ చెప్తున్నా. అరవై మూడు. ఇరవై.

ఇది నేను పుట్టించిన లెక్క కాదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 645 మంది రోగుల మీద చేసిన అధ్యయనం, 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. పేగు అతుకు లీకవడం చూస్తే ఒకరి దగ్గర సున్నా, ఇంకొకరి దగ్గర నూటికి 25. జబ్బు అక్కడే తిరగబెట్టడం చూసినా అంతే, సున్నా నుంచి 21 దాకా.

"ఆ సర్జన్‌కి ముదిరిపోయిన కేసులు వచ్చుంటాయి సార్" అంటారు, నాకు తెలుసు. ఆ ప్రశ్న వాళ్లకీ వచ్చింది. రోగుల రిస్కుల్లో తేడాలు సరిచేసి మళ్లీ లెక్కేశారు. అయినా తేడా పోలేదు.

మన పెద్దవాళ్లు "ఆ డాక్టర్ హస్తవాసి మంచిదిరా" అంటే నవ్వేవాళ్లం కదా? అదేదో మూఢనమ్మకం అనుకున్నాం. దాన్నే స్కాట్లాండ్‌లో అంకెల్లో పెట్టి చూపించారు. హస్తవాసి ఉంది. దాన్ని కొలవచ్చు. ఈ రోజు వీడియో మొత్తం ఈ ఒక్క ముక్క గురించే.

ఎందుకంటే ఇప్పుడు గొడవంతా దేని మీద నడుస్తోంది? రోబోతో చేయించాలా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే లాపరోస్కోపీనా, పాత పద్ధతిలో పొట్ట తెరవాలా అని. ఫలానా మిషన్ ఉంది, కెమెరా త్రీడీలో చూపిస్తుంది, కత్తి మణికట్టులా తిరుగుతుంది. బాగుందండీ. తిప్పేది ఎవరు? ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఇక్కడ ఇంకో అడుగు ముందుకేశారు, కొత్త మద్దెల కొంటే ఆట అదే వచ్చేస్తుందట!

మలాశయం ఎక్కడుంటుందో ఊహించుకోండి. కటి ఎముకల మధ్య, ఇరుకైన గరాటు లాంటి చోట. దాని చుట్టూ ఒక కొవ్వు పొర, పేరు మీసోరెక్టమ్. క్యాన్సర్ ముందుగా పాకేది ఆ కొవ్వులో ఉన్న లింఫ్ గ్రంథుల్లోకే. అంటే అదొక మూట. మూట ముడి విప్పకుండా, గుడ్డ చిరగకుండా, మూటకి మూటే బయటికి తీయాలి. చిరిగిందా, లోపలున్నది కొంత అక్కడే ఉండిపోతుంది.

ఒకప్పుడు ఏం చేసేవాళ్లో తెలుసా? ఆ ఇరుకులోకి చెయ్యి దూర్చి, కంటికి కనపడకుండానే, వేళ్లతో ఊడబెరికేవాళ్లు. మూట చిరక్క ఏమవుతుంది? ఇంగ్లండ్‌లో బేసింగ్‌స్టోక్ అనే ఊళ్లో బిల్ హీల్డ్ అనే సర్జన్ 1982లో అడ్డం తిరిగాడు. ఇలా కాదు, ఆ మూటకీ చుట్టూ ఉన్న గోడకీ మధ్య సన్నటి పొర ఒకటుంది, కళ్లతో చూస్తూ, కత్తితో ఆ పొర వెంబడే పోవాలి అన్నాడు. ఆ పొరకి ఆయన పెట్టుకున్న పేరు హోలీ ప్లేన్, పవిత్రమైన దారి. కాస్త నాటకీయంగా ఉంది, నిజమే. కానీ పక్కనే మూత్రాశయానికీ, లైంగిక జీవితానికీ పోయే నరాలు ఉంటాయి. దారి తప్పితే అవి తెగుతాయి. అంత పేరు పెట్టినా తప్పులేదు.

ఇప్పుడు అసలు మజా. హీల్డ్‌ని స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ పిలిపించారు. ఆపరేషన్ చేసి చూపించాడు, అక్కడి సర్జన్లకి నేర్పించాడు. రోబో లేదు, అద్భుతమైన కొత్త మందూ లేదు. పాఠం చెప్పారంతే! 2000 సంవత్సరంలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది: అంతకుముందు అదే ప్రాంతంలో చేసిన రెండు ట్రయల్స్‌లో జబ్బు రెండేళ్లలో అక్కడే తిరగబెట్టింది నూటికి 14, 15 మందికి. శిక్షణ తర్వాత 6 మందికి. మలద్వారంతో సహా తీసేసి, మలం పడేందుకు పొట్టకి శాశ్వతంగా సంచి తగిలించే ఆపరేషన్లు నూటికి 55, 60 నుంచి 27కి పడిపోయాయి.

సగం మంది! జీవితాంతం పొట్టకి సంచి తగిలించుకుని తిరగాల్సినవాళ్లలో సగం మందికి అది తప్పింది. ఒక పాఠం వల్ల! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ పాఠం రాకముందు సంచి పడినవాళ్లకి "మీ జబ్బు అలాంటిది" అనే కదా చెప్పుంటారు.

అసలు ఈ సంచి ఆపరేషన్‌కి ఆద్యుడు ఎర్నెస్ట్ మైల్స్ అని లండన్ సర్జన్. కాస్త పక్కకి వెళ్తున్నా, ఓపిక పట్టండి. అంతకుముందు ఆయన కింద నుంచి మాత్రమే కోసి కణితి తీసేవాడు. అలా చేసిన 57 మందిలో 54 మందికి జబ్బు తిరిగొచ్చింది. మన సర్జన్ ఏం చేశాడు? దాచలేదు. చనిపోయినవాళ్ల శవపరీక్షలు చూసి, ఎక్కడెక్కడ మిగిలిపోతోందో రాసుకుని, పొట్ట నుంచీ కింద నుంచీ రెండు వైపులా చేసే పద్ధతి కనిపెట్టి, 1908లో తన ఓటమి లెక్కతో సహా ప్రకటించాడు. 57లో 54 పోయాయని అచ్చులో ఒప్పుకున్నాడు! ఇవాళ ఆ మాట ఏ ప్రకటనలోనైనా కనిపిస్తుందా చెప్పండి?

సరే, అసలు విషయానికొద్దాం. హస్తవాసి కొలవచ్చు అన్నాను, రోగికి కొలబద్ద ఏది?

ఉంది. పాథాలజిస్ట్ బల్ల మీద ఉంది. బయటికి తీసిన ముక్క వెళ్లేది అక్కడికే. లీడ్స్‌లో ఫిలిప్ క్విర్క్ బృందం 1986లో ఒక చిన్న పని చేసింది. అప్పటిదాకా ముక్కకి పై కొస, కింది కొస శుభ్రంగా ఉన్నాయా అన్నదే ముఖ్యంగా చూసేవాళ్లు. వీళ్లు అడ్డంగా పలకలు పలకలుగా కోసి, చుట్టూ పక్క అంచు చూశారు. 52 మందిలో 14 మందికి క్యాన్సర్ పక్క అంచుని తాకి ఉంది. ఆ 14 మందిలో 12 మందికి జబ్బు అక్కడే తిరగబెట్టింది. అంచుకీ క్యాన్సర్‌కీ మధ్య ఒక్క మిల్లీమీటరు కూడా లేకపోతే ప్రమాదం అన్న లెక్క ఈ దారిలోనే స్థిరపడింది.

తర్వాత ముక్కకి గ్రేడ్లు వచ్చాయి. మూట నున్నగా, చిరక్కుండా వస్తే మంచి గ్రేడ్. అక్కడక్కడ గాట్లు పడితే మధ్యరకం. కొవ్వు చిరిగి లోపలి కండ కనపడితే చెత్త గ్రేడ్. 2009లో వచ్చిన ఒక పెద్ద బ్రిటిష్ ట్రయల్ లెక్క: మూడేళ్లలో అక్కడే తిరగబెట్టింది మంచి గ్రేడ్‌లో నూటికి 4, మధ్యరకంలో 7, చెత్త గ్రేడ్‌లో 13. ఇంకో మాట, ఆ ట్రయల్‌లో మంచి గ్రేడ్ వచ్చింది సుమారు సగం మందికే!

అదండీ మార్కుల మెమో. సర్జన్‌కి పరీక్ష అయిపోయింది, పేపరు దిద్దారు, మార్కులు వేశారు. ఆ మెమో ఎవరి ఫైల్లో ఉంటుంది? మీ ఫైల్లోనే. మీకు ఎవరైనా చదివి వినిపించారా?

నా సిద్ధాంతం ఇదే, మొండిగా చెప్తాను. మెషిన్ల గోల అంతా ఈ మెమో మీద వేసిన దుప్పటి. మెషిన్ చూపించడం తేలిక, మార్కులు చూపించడం కష్టం.

నమ్మరా? నార్వే చూడండి. కింద నుంచి, అంటే మలద్వారం గుండా పరికరాలు పెట్టి పైకి వెళ్లే కొత్త పద్ధతి ఒకటి వచ్చింది, టాటీఎంఈ అంటారు. ప్రపంచమంతా ఊగిపోయింది. నార్వేలో 157 మందికి చేశారు. 12 మందికి జబ్బు తిరగబెట్టింది, అదీ చాలామందిలో ఒక చోట కాదు, కటి లోపల పలుచోట్ల. రెండున్నరేళ్లలోపు ముప్పు అంచనా నూటికి 11.6. మామూలు పద్ధతికి 2.4. వెంటనే ఆపేశారు! ఎలా పట్టుకున్నారు? దేశంలో ప్రతి రోగి లెక్కా రాసే రిజిస్ట్రీ ఉంది కాబట్టి. లెక్క రాయని చోట అయితే ఆ పన్నెండు మందీ "దురదృష్టం" ఖాతాలో పడేవాళ్లు. బాగా శిక్షణ పొందినవాళ్ల చేతిలో ఇదే పద్ధతి మంచి ఫలితాలిచ్చిన చోట్లూ ఉన్నాయి. మళ్లీ ఎక్కడికి వచ్చాం? చేతి దగ్గరికే!

రోబో అభిమానులు ఇప్పటికే కోపంగా ఉన్నారు. వస్తున్నా. 2017లో రోలార్ ట్రయల్, 471 మంది. మధ్యలో ఆపి పొట్ట తెరవాల్సి రావడం లాపరోస్కోపీలో నూటికి 12.2, రోబోలో 8.1. తేడా ఉన్నట్టే ఉంది కానీ గణాంకాల పరీక్షకి నిలవలేదు. తర్వాత చైనాలో రియల్ ట్రయల్ వచ్చింది. మూడేళ్లలో ఆ ప్రాంతంలోనే తిరగబెట్టడం రోబోలో నూటికి 1.6, లాపరోస్కోపీలో 4. ఇది రోబో గెలుపే, ఒప్పుకుంటా. కానీ అక్కడ రెండు పద్ధతుల్లోనూ చేయి తిరిగినవాళ్లే చేశారు. చేయి తిరిగినవాడికి మంచి కత్తి ఇస్తే ఇంకా బాగా కోస్తాడు, అందులో వింతేముంది? నిన్న మొదలుపెట్టినవాడికి ఇస్తే అని నేను అడుగుతున్నా.

ఇంకో రకం హస్తవాసి ఉంది, అసలు చెయ్యి పెట్టకపోవడం. బ్రెజిల్ సర్జన్ ఆంజెలీటా హబర్‌గామా 2004లో రాసింది: రేడియేషన్, కీమో ఇచ్చిన 265 మందిలో 71 మందికి కణితి కనపడకుండా పోయింది. కోయకుండా కనిపెట్టుకుని ఉంది. ఐదేళ్ల తర్వాత ఆ 71 మందిలో బతికున్నవాళ్లు నూటికి నూరు. సర్జన్ అయ్యుండి కోయను అనడానికి ఎంత గుండె కావాలి! తర్వాత పలు దేశాల రిజిస్ట్రీలో ఇలాంటి రోగుల్లో నూటికి 25 మందికి రెండేళ్లలో అక్కడే మళ్లీ మొలిచింది. కాబట్టి గాలికొదిలేయడం కాదు, మాటిమాటికీ వేలితో, ఎండోస్కోపీతో, ఎంఆర్ఐతో వెతుకుతూనే ఉండాలి.

ఆపరేషన్ అయినవాళ్లు, మీ ఇంట్లో అయినవాళ్లు ఉంటే, పాథాలజీ రిపోర్టు తీయండి. మూడు చోట్ల చూడండి. ఒకటి, చుట్టూ అంచు ఎన్ని మిల్లీమీటర్లు. రెండు, ఎన్ని లింఫ్ గ్రంథులు దొరికాయి. కనీసం 12 చూడాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం, ముందే రేడియేషన్ తీసుకుంటే తగ్గొచ్చు. మూడు, మలాశయం కేసైతే మీసోరెక్టమ్ గ్రేడ్ రాశారా. ఒక్క ముక్క చూసి కంగారు పడకండి, మీ డాక్టర్‌తో కూర్చుని చదవండి. చదివాక ఇంకొక్కటి అడగండి: "కోయకముందు ఆ ముక్కకి ముందూ వెనకా ఫోటో తీశారా? చూడొచ్చా?"

ఏమన్నారో కింద రాయండి. వచ్చే వీడియోలో పేగు అతుకు ఎందుకు లీకవుతుందో చెప్తా, దాంట్లో కూడా రోబో అభిమానులకి మంట పెట్టే సంగతి ఒకటుంది.