విదేశీ బ్యాంకు: శాఖగానా, కంపెనీగానా?

సభకు నమస్కారం.

మన చెన్నైలో స్టాండర్డ్ చార్టర్డ్, హెచ్‌ఎస్‌బీసీ శాఖలుగానే వ్యాపారం చేస్తున్నాయి. వాటికి మన దేశంలో విడిగా బ్యాంకు కంపెనీ లేదు. సింగపూర్‌కు చెందిన డీబీఎస్ బ్యాంకు మాత్రం 2019 మార్చి 1 నుంచి ఇక్కడే రిజిస్టరైన కంపెనీ. చేసే పని ఒకటే అయినా ఈ తేడా ఎందుకు?

అందరూ పన్ను కోసమే అంటారు. లెక్క వేసి చూద్దాం. పెద్ద లాభాలున్న విదేశీ కంపెనీ శాఖకు పన్ను 35 శాతం. సర్‌ఛార్జీ, సెస్సు కలిపితే 38.22. భారతీయ కంపెనీ 22 శాతం పద్ధతి ఎంచుకుంటే, అన్నీ కలుపుకుని 25.17. నూటికి పదమూడు రూపాయల తేడా! కానీ లాభం సొంత దేశానికి చేరాలి కదా. శాఖ పంపితే మళ్లీ పన్ను లేదు, నూటికి 61.78 చేరుతుంది. కంపెనీ డివిడెండుగా పంపాలి. సింగపూర్‌తో మనకున్న పన్ను ఒప్పందం ప్రకారం 10 శాతం కోత పడి 67.35 చేరుతుంది. పదమూడు కాస్తా ఐదున్నర అయింది. పైగా ఇక్కడ బోర్డు పెట్టాలి, కనీసం 500 కోట్ల మూలధనం చూపాలి.

ఇంకో సంగతి. డీబీఎస్ మారింది మార్చిలో. 22 శాతం ప్రకటన వచ్చింది ఆ సెప్టెంబరులో. మార్చి నాటికి, డివిడెండు ఇచ్చే కంపెనీ కట్టాల్సిన డివిడెండు పంపిణీ పన్ను కూడా ఉండేది. లాభమంతా బయటికి పంపేవాళ్లకు అప్పట్లో శాఖే చౌక. కాబట్టి పన్ను ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

అసలు కిటుకు యాజమాన్య నియమంలో ఉంది. ప్రైవేటు బ్యాంకులో విదేశీ వాటా 74 శాతం దాటకూడదు, మిగతా 26 ఇక్కడివాళ్ల దగ్గర ఉండాలి. విదేశీ బ్యాంకు నూటికి నూరుపాళ్లూ తనదిగా పెట్టుకున్న కంపెనీకి మాత్రం ఈ హద్దు లేదు. శాఖలు తెరవడంలోనూ దాదాపు దేశీయ బ్యాంకులకున్నంత వెసులుబాటు దొరుకుతుంది.

దాని ఫలితం మన కళ్లముందే జరిగింది. 1926లో కరూరులో పుట్టిన లక్ష్మీ విలాస్ బ్యాంకు మీద 2020 నవంబరు 17 సాయంత్రం మారటోరియం, అంటే చెల్లింపుల మీద ఆంక్ష, పడింది. ప్రత్యేక అనుమతి లేకుండా ఎవరి ఖాతాలోంచైనా 25 వేలకు మించి తీసే వీల్లేదు. పెళ్లి ఖర్చుకు దాచుకున్నవాళ్లు, నెల జీతం అందులోనే పడేవాళ్లు ఎంత బెంగపడి ఉంటారో ఆలోచించండి. పదిరోజులకే, 27న, ఆ బ్యాంకు డీబీఎస్ ఇండియాలో కలిసింది. సింగపూర్ మాతృసంస్థ 2,500 కోట్లు తెచ్చింది. డిపాజిట్లు భద్రంగా నిలిచాయి; వాటాదార్ల షేర్లు మాత్రం మొత్తం రద్దయ్యాయి.

డిపాజిటరు వైపు నిలబడి చెబుతున్నాను: ఇక్కడి చట్టం కింద, ఇక్కడి మూలధనంతో, ఇక్కడి బోర్డుతో ఉన్న కంపెనీ రూపమే మనకు మేలు. 2013 నవంబరు నాటి రిజర్వు బ్యాంకు విధానం, పాత విదేశీ బ్యాంకులకు ఈ మార్పును వాటి ఇష్టానికే వదిలేసింది. పెద్దవాటి విషయంలోనైనా దాన్ని తప్పనిసరి చేయాలి.