రెండో దెబ్బ మీద బరువు

అందరికీ నమస్కారం. కాసేపట్లో మీరు వినబోయేది గంటసేపు సాగే నా డీజే మిక్స్, అంటే ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఆగకుండా వెళ్లే కలయిక. ఇందులో పాటలన్నీ బ్రెజిల్‌వే. 1958 నాటి గిటార్ పాట ఉంది, ఈమధ్య రియో బస్తీల్లో తయారైన ఫంక్ అనే డాన్స్ సంగీతం కూడా ఉంది. పాతవి ముందు, కొత్తవి తర్వాత పేర్చి ఉంటే ఒక్క సాయంత్రంలో పని అయిపోయేది. వాటిని పక్కపక్కన కూర్చోబెట్టాలని పట్టుబట్టాను కాబట్టి మూడు నెలలు పట్టింది. ఎందుకంత పట్టిందో చెప్పి పాటలు పెడతాను.

ముందు సాంబా అనే బ్రెజిల్ డాన్స్ సంగీతం సంగతి. రియో కార్నివాల్‌లో సాంబా బృందం నడుస్తుంటే అన్నిటికంటే లోతుగా మోగే పెద్ద డ్రమ్ పేరు సుర్దో. భుజానికి తగిలించుకుని, మెత్తటి తల ఉన్న కర్రతో కొడతారు. సాంబాది రెండు దెబ్బల లెక్క. మనం చప్పట్లు కొడితే మొదటి దెబ్బ మీద బలం పెడతాం. సుర్దో బరువంతా రెండో దెబ్బ మీద వేస్తుంది. కావాలంటే ఇప్పుడే తొడ మీద కొట్టి చూడండి: ఒకటి మెల్లగా, రెండు గట్టిగా. నాలుగైదు సార్లు కొట్టేసరికి ఒళ్లు దానంతటదే ఊగుతుంది.

1958లో గాయకుడు, గిటారిస్టు జువావ్ జిల్బెర్టో 'షెగా జి సౌదాజి' పాడాడు. సంగీతం టామ్ జోబిమ్‌ది, మాటలు వినీసియస్ జి మొరాయిస్‌వి. సౌదాజి అంటే బెంగ. 'ఇక చాలు ఈ బెంగ' అన్నమాట. బోసా నోవా అనే మెత్తటి పాటల శైలి ఆ రికార్డుతోనే మొదలైందంటారు. జిల్బెర్టో కుడిచేతి బొటనవేలు మందపు తీగల మీద సుర్దోలా నడుస్తుంది. మిగతా వేళ్లు తంబొరిమ్ అనే చిన్న డ్రమ్‌లా తాళం సందుల్లో పడతాయి. వీధంతా నిండే సాంబాను ఆయన ఒక్క చేతిలోకి తెచ్చుకుని, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినంత మెల్లగా పాడాడు.

నాకు కష్టం వచ్చింది అక్కడే. ఆయన గొంతు గిటార్‌ వెంట బుద్ధిగా నడవదు. ఒకచోట కాస్త ముందుకెళ్తుంది, ఒకచోట వెనకబడుతుంది. అక్కడ వాయించింది మనుషులు, వేగం కొద్దిగా కదులుతూనే ఉంటుంది. నేటి ఫంక్ కంప్యూటర్‌లో తయారవుతుంది. నిమిషానికి 130 దెబ్బలంటే చివరిదాకా 130 దెబ్బలే. నా టర్న్‌టేబుల్ (రికార్డులు తిప్పే యంత్రం) మీద వేగాన్ని 8 శాతం అటూ ఇటూ జరపొచ్చు. అది ఏ మూలకూ చాలలేదు. దాంతో జిల్బెర్టో పాటను కంప్యూటర్‌లో ముక్కలు చేసి బీట్‌కి సరిచేశాను, నెల రోజులు. తాళం కుదిరింది, పాటలో ప్రాణం పోయింది. అన్నీ చెరిపేశాను. ఇప్పుడు ఆ పాట మీద నా బీట్ ఏదీ లేదు. అది పూర్తయ్యాక సుర్దో ఒక్కటే వస్తుంది, ఆ సుర్దో మీదే కొత్త పాట ఎక్కుతుంది.

పాతదాన్ని తొందరపెట్టకూడదని నాకు తెలిసింది సావో పాలో డీజే మార్కీ వల్ల. 2002లో ఆయన, ఎక్స్‌ఆర్‌ఎస్ అనే మరో సంగీతకారుడు కలిసి 'ఎల్‌కే' అనే పాట విడుదల చేశారు. జోర్జి బెన్, తోకీన్యోల పాత పాట 'కరోలినా కరోల్ బేలా' నుంచి గిటార్ తీసుకుని, దాని కింద డ్రమ్ అండ్ బేస్ అనే చాలా వేగమైన డాన్స్ బీట్ పెట్టారు. డ్రమ్స్ ఎంత పరుగెత్తినా గిటార్ మాత్రం తన నడక తాను నడుస్తుంది. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మిక్స్ మధ్యలో వచ్చే ఒక పాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గాంధీజీ హత్య జరిగిన మరుసటి ఏడాది, 1949లో, బాహియా రాష్ట్రంలోని సాల్వడోర్ రేవు కూలీలు ఒక కార్నివాల్ బృందం కట్టారు. పేరు 'ఫిల్యోస్ జి గాంధీ', అంటే గాంధీ బిడ్డలు. తెల్లబట్టలు, తెల్ల తలపాగాలు, ఆఫ్రికా మూలాలున్న ఇజెషా తాళం, దాని మీద అగొగో అనే జంట గంట. వాళ్లు ఇప్పటికీ కార్నివాల్‌లో ఊరేగుతున్నారు. జిల్బెర్టో జిల్ అనే ఇంకో గాయకుడు వాళ్ల మీద పాట రాశాడు. 1975లో ఆయన, జోర్జి బెన్ కలిసి చేసిన ఆల్బమ్‌లో ఆ పాట ఉంది. షాజహాన్, ముంతాజ్‌ల ప్రేమ మీద బెన్ కట్టిన 'తాజ్ మహల్' కూడా అందులోనే ఉంది. ఇద్దరూ గిటార్లు పట్టుకుని, పాట ఎప్పుడు ఆపాలన్న ధ్యాసే లేనట్టు పాడుతూ పోతారు. దాన్ని కోసే ధైర్యం నాకు రాలేదు. అందుకే ఆ ఒక్కచోట మిక్స్ చాలాసేపు మారకుండా సాగుతుంది. ఏదో పాడైందనుకోకండి.

ఫ్యాన్ల చప్పుడు ఉంటే మొదటి పాటలో జువావ్ జిల్బెర్టో వినపడడు. దయచేసి ఎవరైనా వాటిని ఒక్క నాలుగు నిమిషాలు ఆపుతారా? మొదలుపెడుతున్నాను.