యాప్ తీసేశారు. మరి డబ్బులెందుకు కట్ అవుతున్నాయ్?

[తెర మీద: ఫోన్‌లో ఓటీటీ యాప్‌ని నొక్కిపట్టి అన్‌ఇన్‌స్టాల్ చేస్తున్న వేలు]

ఐపీఎల్ అయిపోయింది, యాప్ పీకేశాం, గొడవ వదిలిందనుకుంటాం. గడువు తేదీ రాగానే బ్యాంకు మెసేజ్ టింగుమంటుంది. డబ్బులు కట్!

యాప్ ఉన్నా, తీసేసినా దానికి పట్టదండీ. మొదటిరోజు పిన్ కొట్టి మీరిచ్చిన అనుమతి ఉంది చూశారూ, మ్యాండేట్ అంటారు దాన్ని. మీరు రద్దు చేసేదాకా, లేదా దాని గడువు తీరేదాకా అది బతికే ఉంటుంది.

[తెర మీద: ఆటోపే అనుమతి పేజీ, కింది వరసల మీదికి జూమ్]

"ఒక్క రూపాయికే ట్రయల్" అన్నచోట కాస్త ఆగండి. పైన రూపాయి పెద్ద అక్షరాల్లో మెరుస్తుంటుంది. మనం చూడాల్సింది కింద. గరిష్ఠంగా ఎంత లాగొచ్చు, ఎన్నాళ్లకోసారి, ఎప్పటిదాకా. ఉదాహరణకి "499 వరకు, నెలనెలా, 2045 దాకా" అని ఉందనుకోండి, మీరు పిన్ కొడుతున్నది రూపాయికి మాత్రమే కాదు, ఆ మొత్తం ఒప్పందానికి.

ఇలా వాటంతటవే డబ్బులు కట్టయ్యే యూపీఐ ఆటోపే 2020లో వచ్చింది. 15,000 రూపాయల లోపు సబ్‌స్క్రిప్షన్లకి మొదటిసారి తర్వాత మళ్లీ పిన్ అడగరు. కానీ డబ్బులు తీసేందుకు కనీసం 24 గంటల ముందు మీకు కబురు చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. కబురైతే వస్తుంది. లోన్ ఆఫర్లు, ఓటీపీల మధ్య పడి కొట్టుకుపోతుంది. పైగా కొన్నిసార్లు మనకి తెలిసిన యాప్ పేరు బదులు వెనకున్న కంపెనీ పేరుంటుంది. ఎవడో అనుకుని వదిలేస్తాం.

[తెర మీద: ఫోన్‌పే ప్రొఫైల్ తెరిచి ఆటోపే జాబితాలోకి]

కాబట్టి యాప్‌లు లెక్కపెట్టకండి, మ్యాండేట్లు లెక్కపెట్టండి. ఫోన్‌పే, గూగుల్ పే, ఎందులో పిన్ కొట్టారో అందులో ప్రొఫైల్‌లోకి వెళ్తే ఆటోపే కనిపిస్తుంది. రెండు మూడు యూపీఐ యాప్‌లు వాడేవాళ్లు అన్నీ ఓసారి తెరిచి చూసుకోండి. ప్లే స్టోర్ ద్వారా కట్టినవి ప్లే స్టోర్ ప్రొఫైల్‌లో, ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ దగ్గర. కార్డు మీద ఇచ్చినవాటిని రద్దు చేసుకునే వీలు కార్డిచ్చిన బ్యాంకే ఆన్‌లైన్‌లో కల్పించాలి.

జాబితాలో మ్యూచువల్ ఫండ్ ఎస్ఐపీ, ఎల్ఐసీ ప్రీమియం, లోన్ ఈఎంఐ కూడా కలిసిపోయి ఉంటాయి. ఊపులో వాటినీ లేపేశారో, కట్టాల్సింది ఆగిపోయి బౌన్స్ చార్జీలు పడొచ్చు. పేరు ఒకటికి రెండుసార్లు చదివాకే నొక్కండి.

[తెర మీద: 149 × 12 = 1,788]

ఏవి ఉంచాలి? ముందు మీ మొబైల్ రీచార్జి, ఇంటి వైఫై ప్లాన్ చూడండి. వాటితోపాటే ఓటీటీలు వస్తుంటాయి. అదే యాప్‌కి విడిగా నెలకి 149 కడుతుంటే ఏడాదికి 1,788 ఉత్తపుణ్యానికి పోయినట్టే. మిగతావాటిలో నెలకొకటి చాలు. ఈ నెల ఆహా, వచ్చే నెల ఇంకోటి. కొత్త సినిమా ఎటూ నాలుగు వారాలు ఆగినా పారిపోదు. ఏడాది ప్లాన్ చవకే, కానీ ఒక్క సిరీస్ కోసం తీసుకునేవాళ్లకి చవక కాదు.

ఇంకో కిటుకు. నెల ప్లాన్ తీసుకున్నరోజే రద్దు నొక్కేయండి. చాలా సర్వీసుల్లో కట్టిన గడువు అయ్యేదాకా చూడొచ్చు. ట్రయల్ అయితే మాత్రం రద్దు చేసిన క్షణమే ఆగిపోతుందేమో షరతులు చదవండి.

[తెర మీద: రద్దు బటన్ కోసం పేజీ కిందికీ పైకీ జరుపుతున్న వేలు]

రద్దు బటన్ దొరక్కుండా తిప్పించడాన్ని "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" అంటారు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్స్‌లో, అంటే మనల్ని బోల్తా కొట్టించే యాప్, వెబ్‌సైట్ ఎత్తుగడల్లో ఇదొకటి. రద్దయినట్టు వచ్చిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆ తర్వాత కూడా డబ్బులు పోతే అది చేత్తో పట్టుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.