అందరూ అదే గన్ ఎందుకు తీసుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. పిలిచిన క్లబ్ పిల్లలకి, హాలు ఇప్పించిన ప్రిన్సిపాల్ గారికి, పొద్దున్నుంచీ మైకులతో కుస్తీ పడుతున్న అన్నకి థ్యాంక్స్. గేమ్ బ్యాలెన్సింగ్ మీద, అంటే ఆటలో ఏ ఒక్క ఆయుధమో మిగతావాటిని మింగేయకుండా బలాలు సరిచూడటం మీద మాట్లాడమన్నారు, స్లైడ్స్ కూడా తెచ్చాను, కానీ ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి.

వాడు డాలస్‌లో, నేను విజయవాడలో. మనకి ఆదివారం పొద్దున ఏడున్నర అయ్యేసరికి వాడికి శనివారం రాత్రి. ఆ టైముకి ఇద్దరం హెల్‌డైవర్స్ 2 ఆడేవాళ్లం. స్వీడన్‌లోని ఆరోహెడ్ వాళ్ల ఆట, 2024 ఫిబ్రవరిలో వచ్చింది. నలుగురు కలిసి పురుగులతో, రోబోలతో పోరాడాలి. మిగతా ఇద్దరూ ముక్కూమొహం తెలియనివాళ్లే. మావాడు ఎప్పుడూ వీపున సప్లై ప్యాక్ తగిలించుకుని, నాలుగు పెట్టెల తూటాలు మోస్తూ, ఎవరికి అయిపోతే వాళ్ల దగ్గరికి పరిగెత్తేవాడు. వాడికి అదే ఇష్టం.

ఒక ఆదివారం, దిగేముందు సామాన్లు ఎంచుకునే స్క్రీన్ మీద హోస్ట్, అంటే ఆ ఆట మొదలుపెట్టినవాడు, "రైల్‌గన్, షీల్డ్" అని టైప్ చేశాడు. కవచాన్ని చీల్చే గన్, వీపున తగిలించుకునే రక్షణ తెర, అందరూ అవే తీసుకోవాలని. వీపున ఒక్కటే పడుతుంది. మావాడు సప్లై ప్యాక్ మార్చలేదు. హోస్ట్ వాణ్ణి ఆటలోంచి కిక్ చేసేశాడు. "తీసేశాడక్కా" అన్నాడు కాల్‌లో, ఇంకేం అనలేదు. నేనూ బయటికొచ్చేశాను. ఆ హోస్ట్ మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ వాడు అలా ఎందుకు అడిగాడో చూడండి, మన టాపిక్ అంతా అందులోనే ఉంది.

ఛార్జర్ అని ఒక పురుగు ఉంటుంది, ఆంబోతులా మీదికొస్తుంది, ముందంతా కవచమే. అప్పట్లో దాని తలకి ఒక్క రాకెట్ చాలేది కాదు. రైల్‌గన్‌ని అన్‌సేఫ్ మోడ్‌లో పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, గన్ చేతిలో పేలిపోయే ముందు క్షణంలో వదిలితే, ముందు కాలికి రెండు దెబ్బలు, కవచం ఊడి లోపలి కండ కనిపించేది, ఇక మామూలు తుపాకీ చాలు. పెద్ద లెవెల్స్‌లో అలాంటివి నాలుగైదు ఒకేసారి వస్తుంటే మీరైతే ఏం తీసుకుంటారు? చెప్పండి! రైల్‌గనే కదా.

ఆ ఏడాది మార్చి 6న ప్యాచ్, అంటే ఆటలో మార్పులు తెచ్చే అప్‌డేట్, వచ్చింది. రైల్‌గన్ కవచాన్ని చీల్చే బలం తగ్గించారు. షీల్డ్ మళ్లీ నిండటం మొదలవడానికి పట్టే టైము పెంచారు. బ్రేకర్ షాట్‌గన్ మ్యాగజైన్‌ని 16 తూటాల నుంచి 13కి తెచ్చారు. అందరూ వాడుతున్న మూడింటికీ కోత పడింది, ఛార్జర్లు మాత్రం అలాగే వస్తున్నాయి. జనానికి మండింది. మంటలు చిమ్మే ఫ్లేమ్‌త్రోయర్ డ్యామేజ్ యాభై శాతం పెంచింది కూడా ఆ ప్యాచ్‌లోనే, మంచి పని, కానీ గొడవలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ తర్వాత ఇంకో ప్యాచ్‌లో ఛార్జర్ తల బలం తగ్గించారు, సరిగ్గా గురిచూస్తే ఒక్క రాకెట్‌తో చచ్చేలా. అప్పుడు కదా జనం రాకెట్లు కూడా తీసుకోవడం మొదలుపెట్టింది! ఆ మార్పు ముందు రావాల్సింది. నేను చెప్పేది ఇదే, ఇంకోసారి చెప్తాను: అందరూ ఒకటే వాడుతున్నారంటే దాన్ని కోసే ముందు, మిగతావాటితో ఆ పని ఎందుకు కావట్లేదో చూడండి.

ఫ్రీ ఫైర్ ఆడినవాళ్లు చేతులెత్తండి. అబ్బో, సగం హాలు. గ్లూ వాల్, అదే విసిరితే అప్పటికప్పుడు లేచే అడ్డుగోడ, అది లేకుండా ఆడతారా? ఆడరు, ఎందుకంటే మైదానంలో దొరికిపోతే దాక్కోవడానికి చెట్టూ ఉండదు, పుట్టా ఉండదు. ఆ గోడలు తగ్గించాలని ఎవరికైనా అనిపిస్తే ముందు మ్యాప్‌లో నాలుగు బండరాళ్లు వేసి చూడాలి.

ఆరోహెడ్ వాళ్లూ చివరికి ఈ దారికే వచ్చారు. ఆగస్టులో ఫ్లేమ్‌త్రోయర్ బలం తగ్గించి మళ్లీ తిట్లు తిన్నాక, అరవై రోజుల్లో సరిచేస్తామని మాటిచ్చి, సెప్టెంబర్ 17న రైల్‌గన్ బలం పెంచారు, థర్మైట్ గ్రెనేడ్‌కీ పెంచారు. తప్పు ఒప్పుకుని దిద్దుకున్నందుకు వాళ్లంటే నాకు గౌరవం.

టైమ్ అయిపోయిందంటున్నారు, స్లైడ్స్ గ్రూపులో పెడతాను. మీరు చేస్తున్న ఆటల్లో ఎవరూ ముట్టని వస్తువు ఏదో రాసుకుని రండి. భోజనాల తర్వాత ల్యాబ్ దగ్గరే ఉంటాను, కలిసి ఆడి చూద్దాం. మా తమ్ముడు కూడా కాల్‌లోకి వస్తానన్నాడు, సప్లై ప్యాక్‌తోనే.